మోతా, అదురా

గుంటూరు
24 నవంబరు 2024

నాయనకు,

స్టెల్లా రాస్తున్నది. ఈ సంగతి ఫోన్‌లో స్వర్ణలత వదినకు చెప్పాను. వదిన నీ చెవిలో అరిచి చెప్పేసరికి సగం వీధిలో వాళ్లకు పోతుంది, మిగతా సగమే నీకు దక్కుతుంది. అందుకే ఎప్పటిలా కాగితం మీద పెడుతున్నాను. కళ్లద్దాలు పెట్టుకుని నిదానంగా చదువు.

మన పిల్ల ఇందుకు ఇన్సులిన్ పంపు వచ్చింది. షుగరున్న పేద పిల్లలకు ఒక ట్రస్టు వాళ్లు ఇస్తున్నారని చెప్పాను కదా, వాళ్లు పిలిచిన పేర్లలో నీ మనవరాలి పేరు ఉంది. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది, నడుముకు తగిలించుకుంటుంది. దాన్నుంచి సన్నటి గొట్టం, గొట్టం చివర పొట్ట మీద ఒక అతుకు. ఇన్సులిన్ నింపి పెడితే రాత్రింబవళ్లు బొట్టు బొట్టుగా అదే ఒంట్లోకి పంపుతుంది. తినేముందు పిల్ల మీట నొక్కి, తినేదాన్ని బట్టి ఇంకాస్త పంపుకుంటుంది. అతుకు మార్చినప్పుడే ఒక పోటు. ఇదివరకు రోజుకు నాలుగు. దాని తొడలు చూశావుగా, ఎట్లా గడ్డలు కట్టాయో. ఆరేళ్ల పసిదిగా ఉన్నప్పటినుంచీ నా చేత్తో నేనే పొడిచాను నాయనా. మొన్న ఆదివారం పొద్దెక్కేదాకా పడుకుంది. సూది వేళయిందని లేపే పని లేదు. దాని పక్కన కూర్చుని ఏడ్చాను.

బళ్లో ఖోఖో ఆడుతోంది. మొన్న ఒక పెళ్లిలో భోజనాలు ఆలస్యమైతే అందరితో పాటే ఆగి, అందరితో పాటే తిన్నది. నీకు ఇది చిన్న సంగతిలా ఉంటుందేమో. ఏడేళ్లుగా అది ఎక్కడికి పోయినా ముందు బంతిలో ఒంటరిగా తినేది.

ఇంకొకటి. గొట్టం మడత పడినా, మందు అయిపోయినా, ఆపి మళ్లీ పెట్టుకోవడం మరిచిపోయినా అదే పిలుస్తుంది. నేర్పిన అమ్మాయి "మోత పెట్టమంటారా, అదురు పెట్టమంటారా" అని అడిగింది. అదురు పెడితే చప్పుడు రాదు, ఊరికే వణుకుతుంది. నా నిద్ర సంగతి నీకు తెలుసు కదా. మోతే పెట్టమన్నాను, గట్టిగా. మొన్న మోగితే పక్క గదిలో నర్సింగు పిల్లలు కూడా లేచి వచ్చారు. స్నానానికి కాసేపు, గంటలోపు, తీసి పక్కన పెట్టొచ్చు.

హాస్టల్లో రేపటి ఉప్మాకు ఉల్లిపాయలు తరగాలి. ఉంటాను.

నీ కూతురు
స్టెల్లా


బోడికొండపాలెం
8 డిసెంబరు 2024

అమ్మాయి స్టెల్లాకు,

పొద్దునా మాపునా మోకాళ్ల మీద మీ ఇద్దరి పేర్లూ దేవునికి వినిపించే నీ నాయన సామ్యేలు రాయడం. నా మాట ఆయనకు వినపడుతున్నట్టే ఉంది. మిగతా లోకం మాటే నాకు వినపడదు. మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో కోత మిషను పక్కన నా చెవులు పెట్టేసి వచ్చాను.

నీ ఉత్తరం మందిరంలో సాక్ష్యంగా చదివాను. ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. చెంచయ్య లేచి తనకూ ఒకటి ఇప్పించమని పలక మీద రాసి చూపించాడు. వాడిది ముసలితనంలో వచ్చిన షుగరు, మాత్రలు ఒక పూట వేసుకుంటే ఒక పూట మానేస్తాడు, అయినా గుండ్రాయిలా తిరుగుతున్నాడు. పాపమని, పోయిన ఎండాకాలం ఇందు కోసం చంద్రశేఖరరావు గారి దుకాణం ఫ్రిజ్జులో పెట్టిన ఇంజెక్షన్లు, సూదులు అన్నీ వాడికిచ్చేశాను. మనకిక వాటితో పనేముంది.

మిషన్ల సంగతి నాకు చెప్పకు. సర్కారు వాళ్లు నాకూ ఒకటి ఇచ్చారుగా, చెవికి. పెట్టుకుంటే కూత పెడుతుంది, ఆ కూత నాకు తప్ప అందరికీ వినపడుతుంది. జేబులో పడేసి తిరుగుతున్నాను. అక్కడా కూస్తుందంట. ప్రార్థన మధ్యలో పిల్లలు నా జేబు వైపు తిరిగి నవ్వుతారు. పాస్టరు ప్రభాకరరావు అయ్యగారు కూడా అలవాటుపడిపోయారు.

అసలు సంగతి. ఇందుకు ఈ జబ్బని తెలిసిన రోజు ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఒక మొక్కుబడి చేసుకున్నాను. ఈ బిడ్డను పెద్దది కానిస్తే నా చేత్తో పట్టుకుని బాప్తిస్మపు నీళ్లలోకి నడిపిస్తానని. ఇప్పుడు దానికి పదమూడు వచ్చింది. నాకు ఎంత వచ్చిందో నువ్వే లెక్క వేసుకో. నీళ్లలో ముంచేటప్పుడు మిషను ఎట్లా అని భయపడ్డాను గానీ, స్నానానికి తీయొచ్చని నువ్వే రాశావు. అడ్డు తొలగింది.

దేవుని కాపుదలలో ఉండండి.

నాయన


గుంటూరు
5 జనవరి 2025

నాయనా,

పండగకు రాలేకపోయాను, ముందు దానికి తిట్టుకో. తర్వాత నేను తిడతాను.

చెంచయ్య మామకు ఆ ఇంజెక్షన్లు ఎవరివ్వమన్నారు? ఆయన మందు వేరు, ఇందు మందు వేరు. వేసుకుంటే కళ్లు తిరిగి పడిపోతాడు. వెంటనే తీసేసుకుని పారేయించు. ఆయన పూట మానేసినా తిరుగుతాడు, ఎందుకంటే ఆయన ఒంట్లో ఇన్సులిన్ కాస్తయినా ఊరుతుంది. ఇందు ఒంట్లో ఒక్క చుక్క ఊరదు. ఇదివరకు రాత్రి వేసే ఒక ఇంజెక్షను మర్నాటి దాకా ఒంట్లో నిలవ ఉండేది. పంపు వచ్చాక ఆ నిలవ లేదు. బొట్టు బొట్టుగా వస్తున్నంత సేపే. ఆగిందంటే కొన్ని గంటల్లో రక్తం విషమవుతుంది. గంట అంటే గంటే నాయనా, మన ఊరి బస్సు గంట కాదు.

ఇంకో మాట. చెమటలు పట్టి వణికితే షుగరు పడిపోయినట్టు, అప్పుడు గ్లూకోజు నీళ్లివ్వాలి. ఇది వదినకు తెలుసు, నువ్వూ గుర్తుపెట్టుకో.

బాప్తిస్మం దసరా సెలవుల్లో పెట్టుకుందాం. అప్పుడు నాకు సెలవు దొరుకుతుంది. వాళ్ల నాయన ఎట్లాగూ లేడు. నా బిడ్డ నీళ్లలోంచి లేచేటప్పుడు తువ్వాలు పట్టుకుని గట్టున నేను ఉండాలి. పంపు నా చేతిలో ఉండాలి. నేను లేకుండా చేయొద్దు.

స్టెల్లా


బోడికొండపాలెం
30 మార్చి 2025

స్టెల్లాకు నాయన రాయడం.

ఇన్నాళ్లు జవాబు రాయలేదు. రాస్తే కోపంగా రాస్తానని ఆగాను. మొక్కుబడి నేను దేవునితో చేసుకున్నాను, హాస్టలు వాళ్ల సెలవులతో కాదు. గుంటూరు పోయాక నీకు మందిరం కంటే ఆసుపత్రి మీద నమ్మకం ఎక్కువైంది. ఆ బిడ్డను బతికించింది ఎవరో ఒక్కసారి ఆలోచించు. డాక్టర్లు ఎప్పుడూ అట్లానే భయపెడతారు. నా చెవి మిషను తీస్తే ఉన్న వినికిడి కూడా పోతుందన్నారు, పోయిందా? పోవడానికి అసలేమీ లేదులే.

ఇక్కడ నీళ్లకు కటకటగా ఉంది. బోర్లు ఎండిపోయాయి, ట్యాంకరు వారానికి రెండుసార్లు వస్తుంది. మందిరం వెనక సిమెంటు తొట్టి నిండాలంటే ఇంటింటివాళ్లూ తలా రెండు బిందెలు తగ్గించుకోవాలి. ఆ ఇళ్లన్నీ ఒప్పుకుని, అయ్యగారికి వీలై, నీళ్లు వచ్చిన రోజు మన సంఘంలో బాప్తిస్మం. దసరా దాకా ఎవరు ఉంటారో ఎవరు పోతారో. సరే, నీ ఇష్టం. నేను అడ్డు పడను.

ఎండాకాలం సెలవులకు పిల్లనైనా పంపు. చూసి ఏడాది అయింది.

నాయన


గుంటూరు
24 ఏప్రిల్ 2025

నాయనా,

కోపం తగ్గిందనుకుంటాను. శనివారం అన్నయ్య ప్రవీణ్ కుమార్ వచ్చి ఇందును తీసుకొస్తాడు. పంపుకు కావలసినవన్నీ డబ్బాలో సర్దాను. దాని పని అదే చూసుకుంటుంది, నాకంటే బాగా చూసుకుంటుంది. ఇన్సులిన్ సీసాలు మళ్లీ చంద్రశేఖరరావు గారి ఫ్రిజ్జులో పెట్టించు, ఈసారి ఎవరికీ దానం చేయకు.

పంపు మోగితే ఇందును లేపమని వదినకు చెప్పాను. నీకు చెప్పి లాభం లేదుగా!

బాప్తిస్మం సంగతి దసరాకే. మాట ఇచ్చావు.

స్టెల్లా


బోడికొండపాలెం
14 మే 2025

అమ్మాయి స్టెల్లాకు,

నీ బిడ్డ వచ్చి ఇంటికి వెలుగు తెచ్చింది. వచ్చీ రాగానే పలక తీసుకుని "ఏంది తాతా, ఇంత సన్నగ అయిపోయినావు" అని రాసింది. ఇంట్లో అందరూ నాతో మాట్లాడాలంటే ముక్తసరిగా రెండు ముక్కలు రాస్తారు. ఇందు మాత్రం పలక నిండా రాస్తుంది, తుడిచి మళ్లీ రాస్తుంది. నాకు ఇన్నేళ్ల తర్వాత ఎవరో కబుర్లు చెబుతున్నట్టుంది. పంపు ఎట్లా పనిచేస్తుందో బొమ్మ వేసి చూపించింది. "ఇప్పుడు నేను అందరి మాదిరే తాతా" అని కింద రాసింది. ఆ పలక రోజంతా తుడవలేదు.

ఎండ మండిపోతున్నా మీ వదిన దాన్ని నీడ పట్టునే ఉంచుతోంది. మామిడికాయ ముక్క ఎంత తినాలో అదే లెక్క చూసుకుని మీట నొక్కుకుంటుంది.

వచ్చే ఉత్తరంలో నీకొక సంతోషవార్త రాస్తాను. ఇప్పుడు అడగొద్దు. నీ కూతురికి కూడా ఇష్టమే. రాత్రి నా ఎదురుగా పలక మీద "అమ్మకు సర్‌ప్రైజ్" అని రాసింది.

నాయన


బోడికొండపాలెం
20 జూన్ 2025

స్టెల్లా,

నిన్ను తల్లీ అని పిలిచే హక్కు నాకు ఉందో లేదో తెలియదు. సమాధి దగ్గర నువ్వు నా వైపు చూడలేదు. నేను దగ్గరికి వస్తే పక్కకు జరిగావు. జరగడమే న్యాయం. ఈ ఉత్తరం చదవకుండా చింపేసినా న్యాయమే. కానీ ఏం జరిగిందో నీకు ఎవరూ సరిగా చెప్పి ఉండరు. సరిగా తెలిసింది నాకొక్కడికే.

ఆ ఆదివారం ట్యాంకరు వచ్చింది. అందరూ బిందెలు తగ్గించుకున్నారు, తొట్టి నిండింది. ఈ నీళ్లు పోతే మళ్లీ ఎప్పుడో అన్నారు అయ్యగారు. నీకిచ్చిన మాట నాకు గుర్తుంది. గుర్తుండే చేశాను. తర్వాత చెబితే నువ్వు కాసేపు అలిగి సంతోషిస్తావనుకున్నాను. ఇందు తెల్ల ఓణీ వేసుకుని పంపు తీసి నా చేతిలో పెట్టింది. "పైకి రాంగనే ఇయ్యి తాతా" అని పలక మీద రాసింది. నేను దాన్ని చొక్కా జేబులో వేసుకున్నాను, నా చెవి మిషను పక్కన.

దాని చెయ్యి పట్టుకుని నీళ్ల దాకా నేనే నడిపించాను. మొక్కుబడి తీరింది. నా కళ్ల నిండా నీళ్లు. అది పైకి లేచి బట్టలు మార్చుకోవడానికి పోయింది. అప్పుడే పొదిలి నుంచి కబురు వచ్చింది, నాతో పాటు ఫ్యాక్టరీలో పనిచేసిన వెంకటేశ్వర్లు పోయాడని, సాయంత్రం సమాధి చేస్తారని. అయ్యగారు ఆటో ఎక్కుతూ నన్నూ ఎక్కమన్నారు. ఎక్కాను.

ఆటో కదిలాక వెనక్కి చూస్తే ఇందు తడి జుట్టుతో పరిగెత్తుకుంటూ వస్తోంది. చెయ్యి ఊపుతోంది. నేను కూడా చెయ్యి ఊపాను. దాని నోరు కదులుతోంది, నాకు ఏం తెలుస్తుంది. పలక నా సంచిలోనే ఉంది.

దారిలో అయ్యగారు నా జేబు వైపు చూసి నవ్వి, చెవి మీద వేలు పెట్టి సైగ చేశారు. చెవి మిషను కూస్తోందని. నేను కూడా నవ్వి, మామూలే అన్నట్టు జేబు తట్టాను. పొదిలిలో ప్రార్థన జరుగుతుంటే జనం ఒకరి తర్వాత ఒకరు నా వైపు తిరిగారు. ఒకాయన నన్ను చెయ్యి పట్టుకుని దూరంగా తీసుకుపోయి నిలబెట్టాడు. నాకు కోపం వచ్చింది, ముసలివాడినని ఇంత చులకనా అని. అంతమందికి వినపడింది స్టెల్లా. వినాల్సినవాడికి తప్ప.

ఇప్పుడు రాసేది నేను ఎవరికీ చెప్పలేదు. మరిచిపోయాడు పాపం ముసలాయన అని అందరూ అంటున్నారు. అననిచ్చాను. కానీ సమాధి అయ్యాక కళ్లద్దాల కోసం జేబులో చెయ్యి పెడితే పంపు తగిలింది. చివరి బస్సు ఇంకా ఉంది. ఎక్కితే చీకటి పడ్డాక ఇంట్లో ఉండేవాణ్ని. వెంకటేశ్వర్లు భార్య ఈ రాత్రికి ఉండమని చేతులు పట్టుకుంది. చెంచయ్య పూటలు మానేసినా తిరుగుతున్నాడు కదా, ఒక్క రాత్రికి ఏమవుతుంది అనుకున్నాను. గంట అంటే గంటే అని నువ్వు రాశావు. నీ మాట మీద పంతం నాకు అప్పటికీ పోలేదు.

ఇక్కడ సాయంత్రానికి ఇందు వాంతులు చేసుకుంది. తడి తలతో ఎండలో నిలబడింది, వడదెబ్బ అనుకున్నారు. వణుకుతుంటే షుగరు పడిపోయిందని స్వర్ణలత గ్లూకోజు నీళ్లు పట్టింది. నువ్వు చెప్పిందే కదా అని పట్టింది, ఆమెను ఏమీ అనకు. పంపు తెమ్మని అయ్యగారికి ఫోన్ చేసిందంట, ఆయన సమాధి దగ్గర ఫోన్ ఆపేసి మళ్లీ పెట్టలేదు. ఫ్రిజ్జులో సీసాలున్నా పొడవడానికి సూది లేదు, ఉన్నవన్నీ నేనే చెంచయ్యకు ఇచ్చేశాను. నువ్వు ఫోన్ చేసినప్పుడు బాప్తిస్మం సంగతి బయటపడుతుందని ఇద్దరూ నీకు ఏమీ చెప్పలేదు. నిద్ర వస్తోందమ్మా అని చెప్పి ఇందు పెట్టేసిందంట. నన్ను తిట్టనివ్వకూడదని.

తెల్లారి నేను వచ్చేసరికి పిల్ల ఎగశ్వాసలో ఉంది. కళ్లు తెరవలేదు. పంపు తీసి దాని పొట్ట మీద పెట్టాను. ఎట్లా తగిలించాలో నాకు తెలియదు. మార్కాపురం, అక్కణ్నుంచి ఒంగోలు, మిగతాది నీకు తెలుసు.

క్షమించమని అడగను. దేవుణ్నీ అడగడం లేదు. సంఘ పెద్దతనం వదిలేశాను. జేబున్న చొక్కా వేసుకోవడం లేదు.

సామ్యేలు


గుంటూరు
7 సెప్టెంబరు 2025

నాయనా,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. చింపలేదు. దిండు కింద పెట్టుకుని, ఒక్కోసారి బస్సు సంగతి ఉన్న చోటే చదివి మూసేశాను. ఆ సంగతి నువ్వు రాయకపోతే నాకు తెలిసేది కాదు. రాశావు. దానికి నిన్ను మెచ్చుకోవాలో ఇంకా ఎక్కువ అసహ్యించుకోవాలో నాకు అర్థం కావడం లేదు. కోపం పోయిందని అబద్ధం రాయను. వదిన మీద మాత్రం లేదు. గ్లూకోజు ఎప్పుడివ్వాలో చెప్పాను గానీ ఎప్పుడివ్వకూడదో చెప్పలేదు. అది నేను మోయాల్సిందే.

పోయిన వారం ట్రస్టు వాళ్లు పంపు వెనక్కి అడిగారు. వాడే పిల్ల లేకపోతే ఇంకో పిల్లకు ఇస్తారంట, అది వాళ్ల పద్ధతి. ముందు ఇవ్వననుకున్నాను. దాన్ని నేలకేసి కొట్టాలనిపించింది. తర్వాత ఇందు తొడలు గుర్తొచ్చాయి. పోయేనాటికి ఒక్క గడ్డ లేదు నాయనా. ఒళ్లు కడిగినప్పుడు చూశాను. ఆరు నెలలు అది అందరి పిల్లల్లా బతికింది. దానికి ఆ ఆరు నెలలు ఇచ్చింది ఈ పంపే. దాన్ని కడిగి, తుడిచి తీసుకుపోయాను.

కనిగిరి దగ్గర్నుంచి వచ్చిన పిల్ల. లక్ష్మీప్రసన్న అని, తొమ్మిదేళ్లు. కొత్త అతుకు పెడుతుంటే వాళ్లమ్మ తల తిప్పుకుంది. నేను కూడా అట్లానే తిప్పుకునేదాన్ని. నేర్పే అమ్మాయి నన్ను గుర్తుపట్టలేదు, రోజూ ఎంతమందిని చూస్తుంది. అదే అడిగింది, మోత పెట్టమంటారా, అదురు పెట్టమంటారా అని. ఆ తల్లి నా వైపు చూసింది. అప్పుడా అమ్మాయి, "రెండూ కావాలన్నా పెట్టొచ్చండీ, చాలామంది రెండూ పెట్టించుకుంటారు" అంది.

రెండూ పెట్టొచ్చంట నాయనా. నేను ఆ రోజు అడగలేదు. మోతే చాలన్నాను, గట్టిగా అన్నాను, గొప్పగా నీకు ఉత్తరం కూడా రాశాను. మా నాయనకు చెవులు వినపడవు, సెలవులకు నా బిడ్డ ఆ ఇంటికి పోతుంది అని నాకు ఒక్కసారి తట్టలేదు. నీ చెవుల మీద ఎన్ని జోకులు వేశాను.

రెండూ పెట్టించుకోమని ఆమెకు చెప్పాను. మా ఇంట్లో అందరికీ చెవులు బాగానే వినపడతాయి కదమ్మా అంది. అయినా పెట్టించుకో అన్నాను. తీసిన గంటలో మళ్లీ పెట్టాలని, పెట్టకపోతే ఏమవుతుందో దాచకుండా చెప్పాను. వాంతులైతే ముందు పంపు చూడమని, గ్లూకోజు పట్టొద్దని చెప్పాను. ఇంట్లో పెద్దవాళ్లందరినీ కూర్చోబెట్టి ఇది చెప్పమన్నాను, వాళ్లు పంతం పట్టే మనుషులైతే రెండుసార్లు చెప్పమన్నాను.

నువ్వు చెవి మిషను పెట్టుకుని తిరుగుతున్నావని వదిన చెప్పింది. కూత పెడితే పెట్టనీ. తీయకు. జేబున్న చొక్కాలు వేసుకో, ఊళ్లో వాళ్లతో మతి పోయిందని అనిపించుకోకు.

దసరాకు వస్తాను. నీ కోసమో కాదో నాకు తెలియదు. ఇందు దగ్గరికి వస్తాను. నువ్వు అక్కడ ఉంటే ఉండు, నేను పక్కకు జరగను.

ఒక్క మాట రాయకుండా ఈ కాగితం మడవలేను. పంపును ఆ తల్లి చేతికిచ్చే ముందు, అదురు ఎట్లా ఉంటుందో చూడాలని ఒకసారి మోగించమని అడిగాను. పట్టుకుని రొమ్ముకు ఆనించుకున్నాను, నువ్వు జేబులో పెట్టుకున్న చోటే. బాగా అదిరింది నాయనా. చెప్పుకోదగ్గంత అదిరింది. ఆటోలో ఉన్నా, ప్రార్థనలో ఉన్నా నీకు తెలిసేది.

స్టెల్లా